నచ్చకపోతే పోనీ అంటే సరిపోదు

[విజయనగరం కోట ముందు, పొద్దున్నే. వెనక స్కూలు ఆటోలు వెళ్తుంటాయి.]

నమస్కారమండీ. ఈ వీడియో విసుగొచ్చి చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా. మా ఊళ్లో ఏ ఆటో వెనక చూసినా, ఏ కుర్రాడి స్టేటస్ చూసినా ఒకటే మాట. ‘నేనింతే. నచ్చితే ఉండు, లేకపోతే పో.’ మనమంటే కొందరికి పడకపోతే ఏం చెయ్యాలి అని అడిగితే లోకంలో ఇదొక్కటే జవాబన్నట్టు! అందరికీ నచ్చాలని పూటకో మొహం పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం. నా గొడవంతా ఈ ‘నేనింతే’ బ్యాచ్‌తో.

మొన్నొక పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురి నాన్న నేతి గిన్నె పట్టుకుని పంక్తిలో తిరుగుతూ ‘వేసుకోండి బాబూ, మొహమాటపడకండి’ అంటున్నాడు. నా పక్కన కూర్చున్నాయన పులిహోర ఒక ముద్ద తిని, ‘ఏటండీ ఇది, పులుపే తగల్లేదు. ఇంత ఖర్చుపెట్టి ఇలాంటి వంటవాణ్ణా పెట్టడం?’ అన్నాడు, పంక్తి మొత్తానికి వినపడేలా. ఆ తండ్రి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆ మాటన్నాయన విస్తట్లోనే ఇంకో చెంచా నెయ్యి వేసి ముందుకెళ్లిపోయాడు. ఈయన నావైపు తిరిగి, ‘నాకు దాపరికాలు లేవండీ. ఉన్నమాట మొహం మీదే అనేస్తాను. అందుకే చాలామందికి నేనంటే పడదు’ అన్నాడు. చాలా గర్వంగా.

అయ్యా, మీరంటే పడనిది మీ నిజాయితీ వల్ల కాదు, పులిహోర వల్ల.

[కట్. చదురుగుడి దారి.]

ఇప్పుడు సిరిమాను దగ్గరికి వద్దాం. మా విజయనగరం అమ్మవారు పైడితల్లమ్మ పండగ గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. దసరా వెళ్లిన మంగళవారం, అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది, ఇసకేస్తే రాలని జనం. నేను మాట్లాడేది ఆ మాను గురించి మాత్రమే. యాభై అడుగులు పైబడిన చింతమాను. మొదలు తీసుకొచ్చి రథం మీద ఇరుసుకి బిగిస్తారు. కొసన పీట, పీట మీద పూజారి. కింద రథం లాగుతుంటే కొస ఊగుతూనే ఉంటుంది. కుదుపు వచ్చిన చోట కాస్త ఎక్కువ ఊగుతుంది. చూసేవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. మొదలు మాత్రం ఇరుసులోనే ఉంటుంది. అసలు కొస ఊగనివ్వం అని ఎవరైనా పట్టుబడితే మాను విరుగుతుంది. కొస నిటారుగా ఉండి ఇరుసు వదులైతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, అమ్మవారు చల్లగా చూడాలి.

‘నేనింతే’ బ్యాచ్ చేసే పని ఏంటంటే, కొసని బిగిస్తారు. మాట తీరు, కోపం, ఎవరి దగ్గర ఎంత మాట్లాడాలన్న లెక్క, ఇవన్నీ కొస. వాటిని పట్టుకుని ‘ఇదే నేను, మారను’ అంటారు. మరి నీ ఇరుసేంటి బాబూ అని అడిగితే తెల్లమొహం వేస్తారు.

ఇరుసు బిగించుకుని కొస ఊగనిచ్చిన మనిషి ఒకాయన మన దగ్గరే ఉన్నారు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు. 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తెలుగు భాషా దినోత్సవం రోజున ఫొటోకి దండ వేసి, పిల్లల చేత గ్రాంథికంలో ఉపన్యాసం ఇప్పిస్తారు చూడండి, ఆ గిడుగే. (ఆయన వింటే ఏమనేవారో!) చదువు మన విజయనగరం మహారాజావారి బడిలో. ఆ బడిలో ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఒక్క బడిలో చదివిన ఇద్దరు కుర్రాళ్లు, పెద్దయ్యాక పండితలోకానికి కంట్లో నలుసులయ్యారు.

గిడుగు 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరారు. అక్కడి కొండల్లో ఉండే సవరలు వేరే భాష మాట్లాడతారు, అప్పట్లో దానికి లిపి లేదు, పుస్తకం లేదు. ఈయన తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషినొకణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. మలేరియాకి క్వినైన్ వాడితే చెవులు పోయాయి, జీవితాంతం చెవుడే. అయినా సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో వాళ్లకి బడి పెట్టండి అన్నారు. 1931లో సవర భాష మీద పెద్ద పుస్తకమే అచ్చయింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆయన ఇరుసు ఇక్కడ కనిపిస్తుంది. పిల్లవాడు ఇంట్లో ఏ మాట మాట్లాడితే ఆ మాటతోనే చదువు మొదలవ్వాలి. సవర పిల్లలకైనా అంతే, తెలుగు పిల్లలకైనా అంతే.

తెలుగు దగ్గరికొచ్చేసరికి రచ్చయింది. అప్పట్లో బళ్లో రాయాల్సిన తెలుగు వేరు, నోట్లో ఉన్న తెలుగు వేరు. వాడుక భాషలో కూడా రాయనివ్వండి అని గిడుగు, గురజాడ, ఇంకొందరు అడిగారు. భాష భ్రష్టుపట్టిపోతుందని పండితులు లేచారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది, వాడుక భాషని గట్టిగా అడ్డుకుంది. సభల్లో గొడవలు, పత్రికల్లో తిట్లు.

గిడుగు జవాబు చూడండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. ‘మీకు నచ్చకపోతే నాకేంటి’ అనలేదు. వాళ్ల పుస్తకాలన్నీ తీసి చదివారు. కాస్త చూసి పక్కన పెట్టడం కాదు, వాక్యం వాక్యం. చదివి, ‘అయ్యా, గ్రాంథికమే రాయాలంటున్న మీ రచనల్లోనే వ్యాకరణానికి నిలబడని ప్రయోగాలు ఇవిగో’ అని ఏరి చూపించారు. వాడుక రూపాలు కొత్తగా పుట్టినవి కావని పాత శాసనాల్లోంచి, పాత వచనంలోంచి ఉదాహరణలు తెచ్చి పెట్టారు. చెవులు వినపడని మనిషి, ఎదుటివాళ్ల మాట అంత శ్రద్ధగా విన్నారండీ! మనకి రెండు చెవులూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ‘వాడికి నేనంటే కుళ్లు’ అని తేల్చేస్తాం.

కుళ్లు ఉండొచ్చు. కానీ కుళ్లున్నవాడు చెప్పిన మాటలో కూడా ఒక్కోసారి పాయింట్ ఉంటుంది. మనిషి మీద అయిష్టం వేరు, పని మీద అభ్యంతరం వేరు. రెండోదానికి జవాబు చెప్పాలి. మొదటిదానికి జవాబు లేదు, వెతుక్కోవద్దు.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామంది దాటేస్తారు. గిడుగుకి ఎదురు నిలబడ్డవాళ్లలో పెద్దాయన జయంతి రామయ్య పంతులు. ఆయన్ని సినిమాలో విలన్‌లా చూపిస్తారు కొందరు. ఆయన తెలుగు శాసనాలు పరిష్కరించిన పండితుడు, సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనక ఉన్న మనిషి. తను నమ్మినదానికి ఆయన కూడా అంతే గట్టిగా కట్టుబడ్డారు. ఆయన ఇరుసూ గట్టిదే. అంటే, నేను నాలాగే ఉన్నాను అన్నంత మాత్రాన మన వాదన నెగ్గిపోదు. నలుగురు తిడుతున్నారు కాబట్టి నాదే కరెక్ట్ అనుకోవడం ఇంకా ప్రమాదం. పులిహోర మాస్టారు ఉన్నది అక్కడే.

మారితే ఓడిపోయినట్టా అంటే అదీ కాదు. కందుకూరి వీరేశలింగం గారు జీవితంలో ఎక్కువగా గ్రాంథికంలోనే రాశారు. 1919లో వాడుక భాష కోసం రాజమండ్రిలో సమాజం పెడితే ఆయనే అధ్యక్షుడు, గిడుగు కార్యదర్శి. అదే ఏడు మే నెలలో వీరేశలింగం గారు పోయారు. డెబ్బై ఏళ్ల వయసులో, అంత పేరున్న మనిషి, రాసే భాష విషయంలో పక్క మారారు. ఆయన ఇరుసు సంస్కరణ. గ్రాంథికం కొస.

[టైమ్ చూసుకుని] అబ్బా, సగం కూడా అవలేదు.

గెలిచారా లేదా అన్న సంగతి త్వరగా చెప్పేస్తాను. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీలో వాడుక భాష తరఫున అసమ్మతి పత్రం రాసిచ్చారు. కమిటీ వినలేదు. వాడుక భాషలో పరీక్ష రాయొచ్చన్న వెసులుబాటు కూడా 1915లో పోయింది. అదే ఏడాది నవంబరు 30న గురజాడ పోయారు. అంటే ఆయన కళ్లకి కనపడింది ఓటమే. ‘నువ్వు నీలా ఉండు, చివరికి లోకం మెచ్చుకుంటుంది’ అని మోటివేషన్ వీడియోల్లో చెప్తారు చూడండి, ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. మెప్పు వస్తుందని చేస్తే అది మళ్లీ జనానికి నచ్చడం కోసం చేసినట్టే కదా, కాస్త ఆలస్యంగా.

ఇప్పుడు మనలాంటి మామూలువాళ్ల సంగతి. మా బంధువులమ్మాయి ఒకతి హైదరాబాద్‌లో ఉద్యోగం. చేరిన కొత్తలో మీటింగ్‌లో ‘అదేటండీ’ అంది. నవ్వారు. తర్వాత ఆమె కప్పు పట్టుకుని వెళ్లినప్పుడల్లా ఒకడు ‘ఏటి, టీయేనేటి?’ అనేవాడు. మన యాస అంటే సినిమాల్లో పనివాడికో, అమాయకుడికో పెట్టేది కదా, వాళ్లకి అంతకుమించి తెలీదు. ఆమె ఏం చేసిందంటే, క్లయింట్‌తో కాల్‌లో ఆఫీసు తెలుగు, ఆఫీసు ఇంగ్లిష్. అది పని, అందులో సిగ్గేం లేదు. మధ్యాహ్నం వాళ్లమ్మ ఫోన్ చేస్తే మాత్రం బయటికి వెళ్లదు, గొంతు తగ్గించదు. ఆ సీట్లోనే కూర్చుని, ‘అమా, తిన్నావేటి? నాన్న ఏటి సేస్తన్నాడు?’ అని హాయిగా మాట్లాడుతుంది. నవ్వేవాడు ఇప్పటికీ నవ్వుతాడట. ఆమె వాడితో మంచిగానే ఉంటుంది, స్నేహం మాత్రం లేదు. నాకు చూస్తే సిరిమానే గుర్తొచ్చింది. కాల్‌లో కొస ఊగింది, అమ్మ ఫోన్ దగ్గర ఇరుసు కదల్లేదు.

మన ఇరుసేదో ఎలా తెలుస్తుంది? చాలామంది అడిగే ప్రశ్న, దీనికే ఎక్కువ టైమ్ పెట్టాలనుకున్నాను, కుదిరేలా లేదు. టకటకా చెప్తాను. ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చకపోయినా మీరు చేసే పనేంటో చూడండి. దానికోసం ఏదైనా ఖర్చుపెట్టారా చూడండి, డబ్బో, నిద్రో, పేరో. గిడుగుకి చెవులే పోయాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్లినప్పుడు, అన్నేళ్లు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు, డెబ్బై దాటాక. మీరు పైసా ఖర్చు పెట్టకుండా ‘ఇది నా వ్యక్తిత్వం’ అంటున్నది ఏదైనా ఉంటే, అది బహుశా కొస. కాస్త వదులు చేసి చూడండి, ఏం విరగదు.

ఇక ఆఖరిది. ఇంట్లోవాళ్లకే మనం నచ్చకపోతే? అమ్మకో, మామగారికో, కట్టుకున్నవాళ్లకో? ఇదంతా బయటివాళ్ల గురించి చెప్పినంత సులువు కాదండీ. రోజూ ఒకే కంచాల దగ్గర కూర్చోవాలి. అక్కడ ‘అయిష్టం వేరు, అభ్యంతరం వేరు’ అన్న లెక్క సగం పనిచెయ్యదు, రెండూ కలిసిపోయి ఉంటాయి. దాన్ని రెండు నిమిషాల్లో చెప్పడం నావల్ల కాదు, బ్యాటరీ కూడా ఎర్రగీత చూపిస్తోంది. విడిగా ఒక వీడియో చేస్తాను. పులిహోర గురించి మాత్రం ఆ తండ్రికి ఎవరూ చెప్పకండి, ఆయనకి ముందే తెలుసు.