చార్మినార్ ముందున్న దారి

అందరికీ నమస్కారం. తెర మీదున్న ఈ పోస్టుకార్డు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య దొరికింది. చార్మినార్ బొమ్మ. కాసేపు చార్మినార్‌ని వదిలేసి, దాని ముందున్న దారిని చూడండి. చార్ కమాన్, గుల్జార్ హౌజ్, మచ్లీ కమాన్ దాటి పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా నయాపూల్ చేరే దారి. మైలు కూడా ఉండదు. నా మనసంతా ఆ మైలు మీదే.

ముందు దీని వయసు తేలాలి. తపాలా ముద్రలో ఉన్న తేదీ ఫోటో తేదీ కాదు. అచ్చువాళ్లు పాత ఫోటోలనే ఏళ్ల తరబడి వాడుకునేవారు. చార్మినార్‌కి గడియారాలు పెట్టింది 1889లో. ఈ బొమ్మలో గడియారం ఉంది కాబట్టి ఫోటో ఆ తర్వాతిదే. కింద తెల్లటి అంచులో ఇరికించి రాసిన నాలుగు ముక్కలు చూశారా? తొలినాళ్లలో కార్డు వెనకంతా చిరునామాకే. కబురు బొమ్మ పక్కనే రాయాలి. వెనకవైపు గీత గీసి సగం ఉత్తరానికి వదలడం ఇంగ్లండులో 1902లో మొదలై తర్వాత మిగతా దేశాలకు పాకింది.

రంగుల్ని మాత్రం నమ్మకండి. అప్పట్లో చాలా కార్డులు జర్మనీలో అచ్చయ్యేవి. నలుపు తెలుపు ఫోటోకి రంగులద్దినవాళ్లు మన ఊరు చూసినవాళ్లు కారు. ఆ తలపాగా నిజంగా ఎరుపో కాదో!

ఇప్పుడు అంచులకు రండి. ఎత్తులు కలవని దుకాణాలు, ముందుకు సాచిన పందిళ్లు, ఎడ్లబండి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ముంచేసింది. 1912లో నగరాభివృద్ధికి బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు చేతి మీదుగానే పత్తర్‌గట్టీలో రాతి కమానుల వరస లేచింది, కింద దుకాణాలు, పైన ఇళ్లు. తర్వాతి కార్డుల్లో ఆ వరసే కనబడుతుంది, పందిళ్లు ఉండవు. కమానులు అందమైనవే, కాదనను. కానీ ఈ కుడి మూల పందిరి కింద బాసింపట్టు వేసుకుని కెమెరా వైపే చూస్తున్న ఆయన కూర్చున్న చోటు ఇక ఈ కార్డులోనే మిగిలింది.

మీ ఇళ్లలో ఇలాంటి కార్డులుంటే ఆల్బమ్‌లో జిగురుతో అంటించకండి. ఫోటో తీసేటప్పుడు వెనకవైపు కూడా తీయండి. అందరూ బొమ్మ ఒక్కటే దాస్తున్నారు. ముద్ర, బిళ్ల, ఉత్తరం అన్నీ పోతున్నాయి.