రియోను తిరగగీసిన ఇంజనీరు: పెరేరా పాసోస్ వృత్తి జీవితంపై రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ వీడియోలో మనం సమీక్షించబోయేది ఒక మనిషి వృత్తి జీవితాన్ని. దశాబ్దాల తరబడి రైలు మార్గాల పనిలో గడిపి, 66వ ఏట అప్పటి బ్రెజిల్ రాజధాని రియో డి జనీరోకు మేయరైన సివిల్ ఇంజనీరు ఫ్రాన్సిస్కో పెరేరా పాసోస్ గురించి మాట్లాడుకుందాం. ఆయన మేయరుగా ఉన్నది నాలుగేళ్ళకు కాస్త తక్కువే అయినా, ఆయన పేరు నిలిచింది ఆ నాలుగేళ్ళ వల్లనే. నా మటుకు నాకు, ఆయన ప్రతిభ ఏపాటిదో తెలియాలంటే అంతకు ఇరవై ఏళ్ళ ముందు ఆయన వేసిన ఒక చిన్న కొండరైలు మార్గాన్ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

పాసోస్ 1836లో, కాఫీ తోటలున్న సంపన్న కుటుంబంలో పుట్టారు. రియోలోని సైనిక పాఠశాలలో చదువు ముగించుకుని, 1857లో పారిస్ చేరి అక్కడి వంతెనలు, రహదారుల కళాశాలలో పాఠాలు విన్నారు. సరిగ్గా అదే కాలంలో పారిస్ పాలనాధికారి ఓస్మన్ పాత పారిస్ ఇరుకు సందులను కూలగొట్టించి, వాటి మీదుగా విశాలమైన వీధులు వేయిస్తున్నారు. రైలు పట్టాలు, వంతెనలు ఎలా కట్టాలో పాసోస్ తరగతిలో నేర్చుకుంటే, ప్రభుత్వం తలుచుకుంటే ఊరి రూపాన్ని ఎంతవరకు మార్చగలదో కళ్ళారా చూసి నేర్చుకున్నారు. ఈ రెండో పాఠం ఆయన మనసులో నలభై ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయింది.

1860లో స్వదేశానికి తిరిగివచ్చాక ఆయన చేసినదంతా దాదాపుగా రైల్వే పనే. అందులో నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది రియోలోని కొర్కొవాదో శిఖరానికి వేసిన కొండరైలు దగ్గర. సుమారు 710 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరానికి మార్గం వేసే అనుమతిని పాసోస్, మరో ఇంజనీరు తెయ్‌షేరా సోరెస్‌తో కలిసి పొందారు. మొదటి భాగాన్ని 1884 అక్టోబరులో చక్రవర్తి రెండవ పెద్రో ప్రారంభించారు. మొత్తం మార్గం నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ కొన్నిచోట్ల వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే మామూలు చక్రాలు పట్టాల మీద జారిపోతాయి. అందుకే రెండు పట్టాల నడుమ నిచ్చెనలాంటి మూడో పట్టా వేసి, ఇంజను కింద ఉన్న పళ్ళచక్రం దాని మెట్లను ఒక్కొక్కటిగా పట్టుకుంటూ పైకెక్కే పద్ధతిని వాడారు. కొండను తొలిచి దారిని తిన్నగా చేయాలన్న పట్టుదల ఈ పనిలో కనిపించదు. కొండ ఎటు తిరిగితే రైలు మార్గపు గీత అటు తిరుగుతుంది. ఎదురుగా ఉన్నదాన్ని గౌరవించి గీసిన గీత అది. అందుకే నాకు అంత ఇష్టం.

ఇక నగరం సంగతికి వద్దాం. 1874లో ప్రభుత్వం రియో నగర మెరుగుదల కోసం ముగ్గురు ఇంజనీర్లతో ఒక సంఘాన్ని వేసింది. అందులో పాసోస్ ఒకరు. వీధుల వెడల్పు, మురుగునీటి పారుదల, చిత్తడి నేలల పూడిక వంటి విషయాలపై ఆ సంఘం నివేదికలు ఇచ్చింది గానీ, వాటిలో చాలా భాగం కాగితాల మీదే ఉండిపోయింది. పావు శతాబ్దం దాటిన తర్వాత, 1902లో అధ్యక్షుడైన రోద్రిగ్స్ ఆల్వెస్ రాజధానిని బాగుచేస్తానని పూనుకుని పాసోస్‌ను పిలిచారు. మేయరును అధ్యక్షుడే నియమించే రోజులవి. పూర్తి అధికారాలు ఇస్తేనే పదవి తీసుకుంటానని పాసోస్ షరతు పెట్టారు. ఆయన బాధ్యతలు స్వీకరించడానికి సరిగ్గా ముందురోజు, డిసెంబరు 29న, నగర సభను ఆరు నెలలపాటు పక్కన పెట్టే చట్టం వచ్చింది. ఆయన మేయరు పదవిలోని తప్పొప్పులన్నీ ఈ ఒక్క షరతు నుంచే మొదలయ్యాయని నేను అనుకుంటున్నాను.

పనుల వేగం మాత్రం ఆశ్చర్యం కలిగిస్తుంది. కరియోకా, ఉరుగ్వాయానా వంటి ఇరుకు వీధులను వెడల్పు చేశారు, నగర కేంద్రాన్ని బొతఫోగో అనే పేటతో కలుపుతూ సముద్రతీరం వెంబడి బేరా-మార్ మార్గాన్ని వేశారు. ఇక్కడ ఒక సవరణ అవసరం. సుమారు 1,800 మీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో 1905 నవంబరు 15న ప్రారంభమైన అవెనీడా సెంట్రల్ అనే రహదారిని చాలామంది పాసోస్ ఖాతాలో వేస్తారు. దాన్ని నిర్మించింది పౌలో డి ఫ్రాంటిన్ నాయకత్వంలోని కేంద్ర ప్రభుత్వ సంఘం. పాసోస్ వేసిన వీధులు దానితో కలిసి పనిచేశాయి కాబట్టి ఆ పొరపాటు జనం నోట స్థిరపడిపోయింది.

వీధులతో పాటు అలవాట్ల మీద కూడా ఆయన ఆజ్ఞలు జారీ అయ్యాయి. ఆవులను ఇంటింటికీ తోలుకెళ్ళి పాలు పితికి అమ్మడం, దుకాణాల గుమ్మాలకు మాంసం వేలాడదీయడం, ట్రాముల్లో ఉమ్మివేయడం నిషేధించారు. ఇవి ఆరోగ్యానికి మేలు చేసేవే, కాదనను. అయితే ఆవును తోలుకుని బతికేవాడు రేపటి నుంచి ఎలా బతకాలో ఆ ఆజ్ఞల్లో లేదు.

అసలు గాయం ఇళ్ళ విషయంలో తగిలింది. నగర కేంద్రంలో పేద కుటుంబాలు ఒక్కొక్క గదిలో కిక్కిరిసి ఉండే కోర్తీసులనే అద్దె ఇళ్ళు కూలిపోయాయి. ఆ కూల్చివేతల కాలానికి జనం పెట్టిన పేరు ‘బోటా అబైషో’, అంటే ‘పడగొట్టెయ్’ అని. ఇల్లు పోయినవారిలో కొందరు రైలు మార్గం వెంబడి దూరపు శివార్లకు, కొందరు ప్రొవిదెన్సియా వంటి కొండల మీదికి చేరారు. కార్మికుల కోసం నగరపాలక సంస్థ కొన్ని ఇళ్ళు కట్టించినా, పోయిన ఇళ్ళతో పోలిస్తే అవి ఏ మూలకూ చాలలేదు. సరిగ్గా ఆ సమయంలోనే ఓస్వాల్దో క్రూజ్ ఆధ్వర్యంలోని ఆరోగ్య శాఖ మశూచి టీకాను తప్పనిసరి చేయడంతో 1904 నవంబరులో వారంపాటు తిరుగుబాటు చెలరేగింది. టీకా పాసోస్ నిర్ణయం కాదు. ఆ కోపం వెనుక కూలిన గోడల జ్ఞాపకం కూడా ఉందన్నదే నా అభిప్రాయం. కొండ దగ్గర అంత ఓర్పుగా వంపులు తిరిగిన గీత, మనుషులుండే చోటికి వచ్చేసరికి ఎందుకు తిన్నగా దూసుకుపోయిందన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆయనకు లెక్కలు తెలుసు, వాలు తెలుసు. అడ్డు చెప్పే సభ ఆ మొదటి నెలల్లో లేకపోవడం ఆయన గీతకు లాభించింది, నగరంలోని పేదలకు నష్టం చేసింది.

1906 నవంబరులో పదవి నుంచి దిగిపోయిన పాసోస్, 1913లో ఐరోపాకు ప్రయాణిస్తూ ఓడలోనే మరణించారు. అప్పటికే కొర్కొవాదో రైలు ఆవిరి నుంచి విద్యుత్తుకు మారింది. ఆ తర్వాత శిఖరం మీద క్రీస్తు విగ్రహం కట్టడానికి కావలసిన సామగ్రిని పైకి మోసింది ఆ రైలే. 1931లో విగ్రహం ఆవిష్కరణ అయ్యాక కూడా అది తన వంపుల దారిలోనే జనాన్ని పైకి చేరుస్తూ వచ్చింది.