అడవిలో చెక్క ధ్యాన కుటీరం: అద్దం మీద పెట్టిన శ్రద్ధ కాళ్ల మీద పెట్టలేదు

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి తీసుకున్నది ఇంకా కాగితం మీదే ఉన్న డిజైన్. అడవి మధ్యలో, మొత్తం కలపతో, ఓ ఎనిమిది మంది కూర్చుని ధ్యానం చేసుకునే కుటీరం. గీసినవాళ్లు పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. డ్రాయింగ్ స్క్రీన్ మీద పెడుతున్నా, చూస్తూ వినండి.

ముందుగా చూపు ఆగేది ఈ అద్దం గోడ దగ్గర. నేల నుంచి చూరు దాకా అద్దమే. ఫొటోకి అదిరిపోతుంది, కాదనను. కానీ నేల మీద కూర్చున్న మనిషి కళ్లు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. అక్కణ్నుంచి తల ఎత్తి చూస్తే పై అద్దంలోంచి కనబడేది చాలావరకు చూరు అడుగుభాగం! పైగా అద్దంలో చెట్ల నీడలు పడితే పక్షులు అదీ అడవే అనుకుని వచ్చి గుద్దుకుంటాయి. కూర్చున్నవాళ్ల కంటికి అందేలా వెడల్పాటి పొట్టి కిటికీ ఒకటి చాలు. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెప్తా.

ఇదిగో, స్తంభాల మొదలు జూమ్ చేస్తున్నా. చెక్క స్తంభాన్ని తిన్నగా కాంక్రీటులో పాతేశారు. నాకు అస్సలు నచ్చనిది ఇదే. కలప తడిసినా పర్లేదండీ, మళ్లీ ఆరాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దాన్ని కుళ్లబెట్టే శిలీంధ్రానికి పని ఉండదు. 30 శాతం దాటిందా, ఇక దాని పండగే. కాంక్రీటుకీ చెక్కకీ మధ్య సందులో దిగిన వాన నీరు బయటికి పోదు. అందులోనూ కింద ఉన్నది స్తంభం కోసిన కొస. చెట్టు నీళ్లు పైకి లాక్కున్న గొట్టాలన్నీ అక్కడే తెరుచుకుని ఉంటాయి, స్ట్రా వేసినట్టు పీల్చేస్తుంది.

దీనికి మందు ఉంది. స్టీలు బూటు, అంటే స్తంభం మొదలుని పట్టుకునే లోహపు తొడుగు, దాని మీద స్తంభాన్ని నిలబెట్టి, నేలకి కనీసం 20 సెంటీమీటర్లు పైన ఉంచాలి. నేలలోకి మర తిప్పినట్టు దిగే స్టీలు స్క్రూ పైల్స్ వాడితే చాలా నేలల్లో కాంక్రీటు అవసరమే రాదు, చెట్ల వేళ్లను పెద్దగా తవ్వక్కర్లేదు. రేపు కుటీరం వద్దనుకుంటే తిప్పి పీకేయొచ్చు. చెదలు ఎక్కినా మట్టి గొట్టం కట్టుకుంటూనే ఎక్కాలి కాబట్టి, ఆ ఖాళీలో మన కంట పడుతుంది.

వీళ్ల నోట్‌లో ఓ గొప్ప ఉంది, ఈ కలప ఎన్నో టన్నుల కార్బన్ దాచుకుంటుందని. నిజమే. పైన్ లాంటి కలప ఒక ఘనపు మీటరులో దాదాపు 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సరిపడా కార్బన్ ఉంటుంది. అది చెక్క చెక్కగా ఉన్నంతకాలమే. మొదలు కుళ్లిపోతే ఆ లెక్కంతా గాల్లోకే పోతుంది.

రెండో అభ్యంతరం, ముప్పై అడుగుల దూలాలు. అంత పొడుగువి అడవిలోకి రావాలంటే క్రేన్ కావాలి, క్రేన్‌కి దారి కావాలి. ఆ దారికి పోయే చెట్లు కుటీరానికి పోయేవాటికంటే ఎక్కువ. అమెరికాలో ఆర్కాన్సాస్ రాష్ట్రపు అడవిలో ఫే జోన్స్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన థార్న్‌క్రౌన్ ఛాపెల్ అనే చిన్న ప్రార్థనా మందిరం ఉంది, 1980లో కట్టింది. చెట్లకి దెబ్బ తగలకూడదని, ఇద్దరు మనుషులు మోసుకెళ్లగలిగే సైజు చెక్కలే ఎంచుకుని అక్కడే బిగించారు. అవునండీ, అందులోనూ అంతా అద్దమే, కామెంట్లలో రాయకండి. దాని ఎత్తు 48 అడుగులు, తలెత్తి చూడ్డానికే కట్టింది.

ఇక శబ్దం. అడవిలో నిశ్శబ్దం ఉచితంగా వస్తుందని ఈ డిజైన్ నమ్ముకుంది. చెక్క నేల తేలిక. ఆలస్యంగా వచ్చినవాళ్ల మడమ దెబ్బ ఎనిమిది మందికీ వెన్నులో తగులుతుంది. నేల పలకల్ని మోసే దూలాల మధ్య పొడి ఇసుక నింపి, పలకల కింద రబ్బరు పట్టీలు వేసి, నడిచే చోటిని కూర్చునే చోటి నుంచి విడగొట్టాలి. కిర్రుమనే చప్పుడు వేరే సంగతి. పచ్చి పలకలు ఆరాక అడ్డంగా కుంచించుకుంటాయి, మేకులు వదులవుతాయి. ఆ చోటి తేమకి అలవాటు పడ్డాకే బిగించాలి, అదీ స్క్రూలతో. పైకప్పు రేకుని వాసాల మీద అలాగే పరిచేశారు. సన్న జల్లుకి హాయిగానే ఉంటుంది. గట్టి వాన పడితే పక్కవాళ్ల మాట కూడా వినబడదు. రేకు కింద చెక్క పలకలు, వాటి కింద ఇన్సులేషన్ తప్పనిసరి.

కాల్చి నల్లబరిచిన గోడ పలకలు అందంగా ఉన్నాయి. జపాన్ పద్ధతి అది. కానీ దాన్ని చూసి కార్చిచ్చుకి భయం లేదనుకోవద్దు. లావుపాటి దూలం నిమిషానికి ముప్పాతిక మిల్లీమీటరు కూడా కాలదు, అందుకే చాలాసేపు నిలుస్తుంది. పలచటి పలక మాత్రం త్వరగా కాలిపోతుంది. కుటీరం నేల పలకల కిందికి నిప్పురవ్వలు పోకుండా సన్న లోహపు జాలీ గీయండి.

కంపోస్ట్ టాయిలెట్ దూరంగా పెట్టారు, దారి దీపాలు చీలమండ ఎత్తులో పెట్టారు. రెండూ బావున్నాయి. ఎఫ్‌ఎస్‌సీ ముద్ర, అంటే అడవిని బాధ్యతగా చూసుకుంటూ కోసిన కలపకి ఇచ్చే గుర్తు, ఉన్న కలప అన్నారు, మంచిదే. చేవ, అంటే మాను మధ్యలోని గట్టి కలప, మాత్రమే వాడాలని కూడా రాయండి. దాని చుట్టూ ఉండే తెల్ల పొర ఏ చెట్టుదైనా బయట నిలవదు.

మార్కులంటారా, పదికి ఐదు. స్తంభం కింద గాలి ఆడేలా గీసి మళ్లీ పంపితే ఏడు ఇస్తా. అద్దం తగ్గిస్తే ఎనిమిది.