మొలతాడు బిగుసుకుంటే షుగర్ వస్తుందా? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఎవరైనా పొగరుగా మాట్లాడితే ‘కొవ్వెక్కింది’ అంటాం. ఒంట్లోని కొవ్వుకీ షుగర్‌కీ సంబంధమేమిటో ఈ రోజు మాట్లాడుకుందాం. డాక్టర్ గారూ, కొవ్వు కూడా హార్మోన్లు తయారు చేస్తుందట, నిజమేనా?

డాక్టర్ (ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల వైద్య నిపుణుడు): నిజమేనమ్మా. మేం చదువుకునేటప్పుడు కొవ్వంటే గాదె అని చెప్పారు. మిగిలిన తిండి దాచుకునే చోటు, అంతే. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనిపెట్టాక ఆ పాఠం మారిపోయింది. కొవ్వు కణాలు లెప్టిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ‘నిల్వలు సరిపడా ఉన్నాయి, ఇక చాలు’ అని అది మెదడుకు కబురు చేరవేస్తుంది.

యాంకర్: అయితే లావుగా ఉన్నవాళ్లకి లెప్టిన్ తక్కువగా ఉంటుందా?

బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్: మొదట్లో చాలామంది అలాగే ఆశపడ్డారు. కానీ వాళ్లలో లెప్టిన్ ఎక్కువే ఉంటుంది. మెదడే ఆ కబురు సరిగ్గా వినదు. అందుకే మామూలు ఊబకాయానికి లెప్టిన్ ఇంజెక్షన్ మందు కాలేకపోయింది. అయితే ఇక్కడ ఒక విషయం చెప్పాలి. లైపోడిస్ట్రోఫీ అని అరుదైన జబ్బు ఉంది. అది తీవ్రంగా ఉన్నవాళ్ల ఒంట్లో కొవ్వే దాదాపు ఉండదు. అయినా వాళ్లకి విపరీతమైన షుగర్!

యాంకర్: కొవ్వు లేకపోయినా షుగరా?

ప్రొఫెసర్: అదే కదమ్మా అసలు సంగతి. దాచుకునే గాదె లేకపోతే కొవ్వు ఎక్కడికి పోతుంది? కాలేయంలోకి, కండరాల్లోకి చేరుతుంది. అక్కడ రక్తంలో షుగర్‌ను తగ్గించే హార్మోను ఇన్సులిన్ పని సాగనివ్వదు. వాళ్లకి లెప్టిన్ ఇస్తే మాత్రం షుగర్ బాగా తగ్గుతుంది.

డాక్టర్: ఇంకో హార్మోను అడిపోనెక్టిన్. ఇది ఇన్సులిన్ మాట కాలేయం వినేలా చేస్తుంది. విచిత్రమేమిటంటే, తయారయ్యేది కొవ్వులోనే అయినా పొట్ట పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వులోంచి వాపు పుట్టించే పదార్థాలు కూడా వస్తాయి. తొడల మీద, చర్మం కింద ఉండే కొవ్వు అంత హాని చేయదు.

యాంకర్: మాస్టారూ, మీరు సన్నగానే ఉన్నారు. మీకు షుగర్ అంటే...

స్కూలు టీచర్: ఇంట్లో కూడా ఎవరూ నమ్మలేదండి. అప్పుడు నేను 64 కిలోలు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి. కానీ ఏటా మొలతాడు బిగుసుకుపోయేది. స్నానం చేసేటప్పుడు చూస్తే ఒంటి మీద ఎర్రగా గీత పడేది. కొత్తది కట్టుకుని ఊరుకునేవాణ్ని. అది ఏం చెబుతోందో ఎవరూ చెప్పలేదు.

డాక్టర్: ఆ గీత చూసి ఉంటే నేను వెంటనే రక్తపరీక్ష రాసేవాణ్ని. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్ ఇంగ్లండ్ మిత్రుడు యుడ్కిన్‌తో కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మనవాళ్ల సంగతి అర్థమవడానికి ఆ ఒక్క ఫొటో చాలు. అందుకే నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడమంటాం.

యాంకర్: ఎక్కడ కొలవాలి?

డాక్టర్: ప్యాంటు బెల్టు దగ్గర కాదు, అది పొట్ట కిందికి జారిపోతుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు పెట్టాలి. ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాక్కోకూడదు.

యాంకర్: అడిపోనెక్టిన్ పెంచే మాత్ర ఉందా?

డాక్టర్: పయోగ్లిటాజోన్ అనే షుగర్ మాత్ర పెంచుతుంది. కానీ ఒంట్లో నీరు చేరుతుంది, గుండె వైఫల్యం ఉన్నవాళ్లు వాడకూడదు. బరువు తగ్గితే కూడా అడిపోనెక్టిన్ పెరుగుతుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనంలో ఏడాదికల్లా 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలో 86 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి, ప్రమాదం.

యాంకర్: మాస్టారూ, ఇప్పుడెలా ఉంది?

టీచర్: రాత్రి అన్నం సగానికి తగ్గించాను, పొద్దున్నే చెరువు గట్టు మీద నడుస్తున్నాను. మాత్ర ఇంకా వేసుకుంటున్నానండి. మొలతాడు మాత్రం వదులైంది, ఈ మధ్య ముడి వెనక్కి జరిపి కట్టుకున్నాను.