తల స్కాన్‌లో క్లైవస్ చూశారా?

అందరికీ నమస్కారం. పుర్రెలో వచ్చే గడ్డలన్నిటి గురించీ చెప్పడానికి టైమ్ చాలదు, అందుకే పుర్రె అడుగున వచ్చే రెండిటి గురించే మాట్లాడతా, కార్డోమా, కాండ్రోసార్కోమా. రెండూ అరుదే. కార్డోమా అయితే ఒంట్లో ఎక్కడొచ్చినా అన్నీ కలిపి ఏడాదికి పది లక్షల మందిలో దాదాపు ఒకరికి వస్తుంది, అందుకే రిపోర్ట్ రాసేటప్పుడు ఆ పేరు స్కాన్లు చదివే మనకి తట్టదు.

పేషెంట్ ఏమంటాడు? ఒక్కటే మనిషి ఇద్దరుగా కనపడుతున్నాడు డాక్టర్ గారూ అంటాడు. కన్నుని బయటి వైపుకి తిప్పే ఆరో నరం, పుర్రె అడుగున మధ్యలో మెదడు కాండానికి (బ్రెయిన్‌స్టెమ్) ముందుండే క్లైవస్ అనే ఎముక వెనకాల నుంచే పైకి పోతుంది, అక్కడ గడ్డ లేస్తే చాలామందిలో ముందు ఆ నరమే దెబ్బతింటుంది. కంటి డాక్టర్ ఎమ్మారైకి పంపిస్తాడు, మనం మెదడంతా చూసి నార్మల్ అని రాసేస్తే ఆ మనిషికి ఎంత నష్టం! దయచేసి సాజిటల్ టీ1, అంటే తలని ముందు నుంచి వెనక్కి నిలువుగా కోసినట్టు, కొవ్వు తెల్లగా చూపించే ఎమ్మారై బొమ్మ తెరిచి క్లైవస్ చూడండి. పెద్దవాళ్లలో అక్కడ మూలుగలో కొవ్వుంటుంది కాబట్టి తెల్లగా ఉండాలి, నల్లబడితే ఆగాల్సిందే. పిల్లల్లో, బాగా రక్తహీనత ఉన్నవాళ్లలో గడ్డ లేకపోయినా నల్లగా ఉండొచ్చు, అదీ మర్చిపోవద్దు.

నీళ్లు తెల్లగా కనపడే టీ2 బొమ్మల్లో రెండు గడ్డలూ తెల్లగా మెరుస్తాయి, అక్కడ తేడా తేలదు. కార్డోమా పిండంలో వెన్నెముక కంటే ముందు ఏర్పడే నోటోకార్డ్ అనే కడ్డీ మిగుళ్ల నుంచి పుడుతుంది కాబట్టి ఎక్కువగా నడిమధ్యలో ఉంటుంది, ఒక్కోసారి వెనక్కి పొడుచుకొచ్చి బొటనవేలితో నొక్కినట్టు బ్రెయిన్‌స్టెమ్‌లో భాగమైన పాన్స్‌ని నొక్కుతుంది. కాండ్రోసార్కోమా ఎక్కువగా పక్కకి, లోపలి చెవి ఉండే పెట్రస్ ఎముకకీ క్లైవస్‌కీ మధ్య సందులో వస్తుంది, సీటీలో ఉంగరాల్లాగా, వంపుల్లాగా కాల్షియం కనపడొచ్చు. కార్డోమాలో కనపడేవి చాలావరకు అది తినేయగా మిగిలిన ఎముక ముక్కలే. అందుకే సన్నటి స్లైసుల బోన్ సీటీ లేకుండా ఎమ్మారై ఒక్కటే చాలదని నేను గట్టిగా చెప్తా. డిఫ్యూజన్ ఎమ్మారైలో ఏడీసీ, అంటే గడ్డలో నీళ్లు ఎంత తేలిగ్గా కదులుతాయో చెప్పే కొలత, కాండ్రోసార్కోమాకే ఎక్కువ, అదీ బాగా పనికొస్తుంది. చివరికి తేల్చేది బయాప్సీ, అందులో బ్రాకియూరీ అనే ప్రోటీన్ పాజిటివ్ అయితే కార్డోమా. ఈ తేడా ఎందుకంటే కాండ్రోసార్కోమా వాళ్లు సాధారణంగా చాలా మెరుగ్గా ఉంటారు, కార్డోమా మళ్లీ మళ్లీ లేస్తుంది.

ఆపరేషన్ తర్వాత స్కాన్‌లో ఇంకో చిక్కుంది. ముక్కు గుండా గడ్డ తీసి ఆ ఖాళీలో చాలాసార్లు కొవ్వు పెట్టి మూస్తారు, అది టీ1లో తెల్లగా ఉండి కాంట్రాస్ట్ పీల్చిన గడ్డలా కనపడుతుంది, కాబట్టి కొవ్వు తెలుపుని అణిచేసే ఫ్యాట్ శాట్ బొమ్మలు తప్పనిసరిగా తీయండి. మిగిలిన గడ్డ ఎక్కడుందో మీరు సరిగ్గా చూపిస్తేనే ప్రోటాన్ రేడియేషన్ ఇచ్చేవాళ్లు బ్రెయిన్‌స్టెమ్‌ని, కంటి నరాల్ని తప్పించి ప్లాన్ వేయగలరు, చెన్నైలో ఆ సౌకర్యం 2019 నుంచీ ఉంది.