అడక్కుండా వేసుకునే బిళ్ళ, అడక్కుండా మానేసే బిళ్ళ

హోస్ట్: నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాం. ఈ ఎపిసోడ్‌కి మా పిన్ని వచ్చింది. జనరల్ ఫిజీషియన్. బరంపురంలో చదువుకుని ఇక్కడే ప్రాక్టీస్ పెట్టింది. ఇంట్లో ‘నువ్వు’ అని పిలిచి మైకు ముందు ‘మీరు’ అనడం నా వల్ల కాదు, వినేవాళ్ళు ఏమీ అనుకోవద్దు. పిన్నీ, గుణుపురం నుంచి ఒకావిడ వాయిస్ మెసేజ్ పంపారు. 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులని చాలా కాలంగా కాల్షియం బిళ్ళ వేసుకుంటున్నారు. అది గుండె రక్తనాళాల్లో పేరుకుపోతుందని వాళ్ళబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడట. మానేయమంటారా అని అడుగుతున్నారు.

పిన్ని: ఆ బిళ్ళ ఎవరు రాశారు?

హోస్ట్: అదీ చెప్పారు. మందుల షాపులో అడిగితే ఇచ్చారట.

పిన్ని: అనుకున్నాను. మన దగ్గర కాల్షియం బిళ్ళని మందుగా ఎవరూ చూడరు. బలం బిళ్ళ అంటారు. కొడుకు భువనేశ్వర్ నుంచి వస్తూ అమ్మకో డబ్బా తెస్తాడు. పాతపట్నం వెళ్ళినవాళ్ళు పక్కింటావిడకి కూడా రెండు షీట్లు పట్టుకొస్తారు. సరే, ముందు మోకాళ్ళ సంగతి తేల్చేద్దాం. ఈ వయసులో మోకాళ్ళ నొప్పి ఎక్కువమందికి కీలు లోపలి గుజ్జు అరగడం వల్ల వస్తుంది. కాల్షియం వేసుకుంటే ఆ గుజ్జు మళ్ళీ పెరగదు. ఎముకలు గుల్లబారడం అనేది వేరే జబ్బు. దానికి సాధారణంగా నొప్పే ఉండదు. బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగినప్పుడు బయటపడుతుంది. నొప్పి ఉన్న జబ్బుకి కాల్షియం పనిచేయదు, కాల్షియం అవసరమైన జబ్బుకి నొప్పి ఉండదు. అందుకే జనం తికమకపడతారు.

హోస్ట్: అయితే ఆవిడ ఇన్నాళ్ళూ వేసుకున్నది దండగేనా?

పిన్ని: దండగని అనను. ఆవిడ తిండిలో కాల్షియం ఎంత వస్తోందో చూడాలి. మన దేశ వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్ వాళ్ళు పెద్దవాళ్ళకి రోజుకి 600 మిల్లీగ్రాములు చాలని చెప్పేవారు. 2020లో దాన్ని 1000 చేశారు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి 1200. ఒక గ్లాసు పాలలో సుమారు 240 ఉంటుంది. వంద గ్రాముల చోడిపిండిలో 350 దాకా ఉంటుంది.

హోస్ట్: చోళ్ళంటే రాగులే, హైదరాబాద్ శ్రోతల కోసం చెప్తున్నా.

పిన్ని: ఆ, వాళ్ళకిప్పుడు అది ఖరీదైన తిండి. మనకి ఎండాకాలం పొద్దున్నే అంబలి. రాయగడ, కోరాపుట్ వైపు ‘మాండియా’ అంటారు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టిన ఏడు జిల్లాల్లో మన గజపతి కూడా ఉంది. చోళ్ళలో ఉన్న కాల్షియమంతా ఒంటికి పట్టదులే, గింజలో ఉండే ఫైటేట్లనే పదార్థాలు కొంత అడ్డుపడతాయి. కానీ అంబలి పులియబెడతాం కదా, అప్పుడు ఆ అడ్డు తగ్గుతుంది. దీనికితోడు మునగాకు, నువ్వులు, ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్ళు ఉన్నాయి. ఎండు నెత్తళ్ళలో ఉప్పెక్కువ, బీపీ ఉన్నవాళ్ళు పచ్చివి తినడం మేలు. పూటకో గ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగు, పొద్దున అంబలి, ఏదో ఒక ఆకుకూర. ఇవన్నీ ఉన్న ఇంట్లో 1000కి ఎంతో దూరం ఉండదు. వాటి మీద రోజూ రెండు బిళ్ళలు ఎందుకు? పాలు పడక, టీలో తప్ప ముట్టనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఒక బిళ్ళ అవసరం పడొచ్చు.

హోస్ట్: షీటు మీద 1250 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అంటే ఒక్క బిళ్ళతోనే కోటా దాటిపోయినట్టేనా?

పిన్ని: అది కాల్షియం కార్బొనేట్ బరువు. అందులో అసలు కాల్షియం 500. కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, భూతద్దం పెడితే కనిపిస్తుంది. [నవ్వు] కార్బొనేట్ రకం తిన్న తర్వాతే వేసుకోవాలి, అప్పుడే కడుపులో యాసిడ్ ఉంటుంది. గ్యాస్‌కని పాంటాప్రజోల్ రోజూ వేసుకునేవాళ్ళకి అది సరిగా పట్టదు. వాళ్ళకి సిట్రేట్ రకం నయం. ఒకేసారి 500కి మించి వేసుకున్నా ఒంటికి పట్టే వాటా తగ్గిపోతుంది.

హోస్ట్: ఇప్పుడు అసలు ప్రశ్న. గుండెకి చేటా, కాదా?

పిన్ని: దీని వెనక భలే కథ ఉందిరా. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ యూనివర్సిటీలో ఇయాన్ రీడ్ అని ఎముకల డాక్టర్. ఆయన బృందం నెలసరి ఆగిపోయిన 223 మంది ఆడవాళ్ళలో కొందరికి రోజుకి ఒక గ్రాము కాల్షియం, మిగతావాళ్ళకి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి ఏడాదిపాటు రక్తం పరీక్షించారు. 2002లో ఫలితాలొచ్చాయి. మంచి కొలెస్ట్రాల్ కాస్త పెరిగింది, చెడ్డది కాస్త తగ్గింది. పేగులో కాల్షియం కొవ్వునీ పైత్యరసాన్నీ పట్టుకుని బయటికి పంపేస్తుంది కాబట్టి అలా జరిగి ఉంటుందని అనుకున్నారు. ఎముకకీ గుండెకీ కూడా మంచిదేనని అందరూ సంబరపడ్డారు.

హోస్ట్: తర్వాత తేడా కొట్టిందా?

పిన్ని: తేడా పట్టుకున్నది కూడా ఆ బృందమే! ఇంకా పెద్ద అధ్యయనం చేశారు, దాదాపు 1500 మంది ఆడవాళ్ళతో, ఐదేళ్ళు. 2008లో చూస్తే కాల్షియం వేసుకున్నవాళ్ళలో గుండెపోట్లు తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. 2010లో అలాంటి 11 అధ్యయనాలని కలిపి లెక్కేశారు. విటమిన్ డి లేకుండా ఒట్టి కాల్షియం బిళ్ళలు వేసుకున్నవాళ్ళకి గుండెపోటు ముప్పు సుమారు 30 శాతం ఎక్కువని తేలింది. రక్తం రిపోర్టులో అంకె బాగుపడినంత మాత్రాన గుండె బాగుపడినట్టు కాదు, చూశావా? నాకు ఈ ముక్క చాలా ఇష్టం. మన పేషెంట్లు రిపోర్టులో నల్లగా బోల్డ్ చేసిన అంకె ఒక్కటే చూస్తారు కదా.

హోస్ట్: అంటే వాళ్ళబ్బాయి చెప్పింది నిజమే.

పిన్ని: ఆగు. అమెరికాలో 36 వేలమందికి పైగా ఆడవాళ్ళకి కాల్షియం, విటమిన్ డి కలిపి ఏడేళ్ళు ఇచ్చి చూశారు. గుండె విషయంలో మొత్తం మీద తేడా కనపడలేదు. కిడ్నీలో రాళ్ళు మాత్రం 17 శాతం పెరిగాయి. ఆ లెక్కల్నే రీడ్ బృందం మళ్ళీ తిరగేసి, అప్పటికే సొంతంగా కాల్షియం వేసుకుంటున్నవాళ్ళని పక్కనపెడితే ముప్పు కనిపిస్తోందని అంది. ఇలా వాదన నడుస్తూనే ఉంది. 2016లో అమెరికా ఎముకల సంస్థ, గుండెజబ్బుల నివారణ సంస్థ కలిసి ఒక మాట చెప్పాయి. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళు తిండీ బిళ్ళా కలిపి రోజుకి 2000, 2500 దాటకుండా చూసుకుంటే గుండెకి మేలూ లేదు, కీడూ లేదని. సరిగ్గా అదే ఏడాది ఇంకో అధ్యయనంలో, తిండిలో కాల్షియం ఎక్కువ తినేవాళ్ళ గుండె రక్తనాళాలు గట్టిపడటం తక్కువగానూ, బిళ్ళలు వేసుకునేవాళ్ళలో ఎక్కువగానూ కనిపించింది.

హోస్ట్: తిండిలోదైనా బిళ్ళలోదైనా కాల్షియం కాల్షియమే కదా?

పిన్ని: రక్తంలోకి చేరే వేగం వేరు. అంబలి, పెరుగు తింటే అది తుంపరలా కొద్దికొద్దిగా దిగుతుంది. బిళ్ళ వేసుకుంటే రక్తంలో కాల్షియం ఒక్కసారి పెరిగి కొన్ని గంటలు అలాగే ఉంటుంది. ఆ పెరుగుదలే రక్తనాళాలకి ఇబ్బందేమోనని ఒక అనుమానం. రుజువైన సంగతి కాదు. నా వరకైతే, తిండితో సరిపెట్టుకోగలిగినవాళ్ళకి నేను బిళ్ళ రాయను. ఎముకలు గుల్లబారాయని, ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో తేలి, దానికి మందు వాడుతున్నవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్ళు మాత్రం గుండె భయంతో కాల్షియం మానేయకూడదు. వాళ్ళకి అది చికిత్సలో భాగం.

హోస్ట్: మరి సీటీ స్కాన్‌లో ‘కాల్షియం స్కోర్’ అని వస్తుంది కదా? మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న అది చూసి పాలు మానేశారు.

పిన్ని: అయ్యో, అలాంటివాళ్ళని నేనూ చూశాను. ఆ కాల్షియం పాలలోంచి వెళ్ళి అతుక్కున్నది కాదు. రక్తనాళం గోడలో కొవ్వు చేరి, వాపొచ్చి, ఏళ్ళు గడిచేసరికి ఒళ్ళు దాన్ని గట్టిపరుస్తుంది. ఆ గట్టిపడిన మచ్చని స్కాన్ లెక్కపెడుతుంది. స్కోర్ ఎక్కువుంటే లోపల కొవ్వు జబ్బు ఎక్కువుందని అర్థం. అప్పుడు మానాల్సింది పాలు కాదు, సిగరెట్టు. సరిచేసుకోవాల్సినవి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్. ఇంకో చిత్రం ఏంటంటే, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ బిళ్ళ వాడేవాళ్ళలో ఆ స్కోర్ కొంచెం పెరగొచ్చు కూడా. మెత్తగా, పగిలిపోయేలా ఉన్న కొవ్వు గట్టిపడి కుదురుకుంటోందని దానర్థం. అందుకే మందు మొదలుపెట్టాక ఆ స్కాన్ మళ్ళీ మళ్ళీ తీయించుకోనక్కర్లేదు.

హోస్ట్: స్టాటిన్ అన్నావు కాబట్టి అడుగుతున్నా. నువ్వు ఎప్పుడూ తిట్టేది దీని గురించే కదా?

పిన్ని: తిట్టనా మరి! వైజాగ్ వెళ్ళి గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకుంటారు. డాక్టర్ రాసిన ఐదు బిళ్ళల్లో కొలెస్ట్రాల్ బిళ్ళ ఒకటి. ఆర్నెల్లకి రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 62 వస్తుంది. ‘నార్మల్ కదా, ఇంకెందుకు’ అని మానేస్తారు. అది 62 అయింది ఆ బిళ్ళ వేసుకోబట్టే! స్టెంట్ పడినవాళ్ళకి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలి, ఇంకా తగ్గినా మంచిదే. ఎవరూ రాయని కాల్షియాన్ని మాత్రం ఏళ్ళ తరబడి భక్తిగా మింగుతారు. డాక్టర్ రాసిన స్టాటిన్‌ని ఒక్క మాట అడక్కుండా ఆపేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

హోస్ట్: కాళ్ళు లాగుతున్నాయంటారు కదా, దాంతోనే చాలామంది ఆపేస్తారు.

పిన్ని: కొద్దిమందికి నిజంగానే కండరాల నొప్పి వస్తుంది, కాదనను. కానీ 2020లో ఇంగ్లండ్‌లో ఒక అధ్యయనం వచ్చింది. సైడ్ ఎఫెక్ట్ వచ్చిందని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిపాటు నెలకో డబ్బా. కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు ఉత్తుత్తి బిళ్ళ, కొన్ని నెలలు ఖాళీ డబ్బా. బిళ్ళలున్న డబ్బాల్లో ఏది అసలుదో వాళ్ళకి తెలీదు. అసలు మందుతో పడ్డ బాధలో 90 శాతం ఉత్తుత్తి బిళ్ళతోనూ వచ్చింది.

హోస్ట్: అంటే వాళ్ళు అబద్ధం చెప్పినట్టా?

పిన్ని: కాదు కాదు. నొప్పి నిజమే, దానికి కారణం మందు కాకపోవచ్చు. పడదేమోనన్న భయం కూడా నొప్పి తెస్తుంది. పైగా 68 ఏళ్ళ ఒంట్లో కాళ్ళు లాగడానికి వేరే కారణాలు బోలెడు. అందుకే నొప్పి అంటే డోసు తగ్గించి చూస్తాం, వేరే రకం స్టాటిన్‌కి మారుస్తాం. థైరాయిడ్, విటమిన్ డి పరీక్షిస్తాం. గుండెజబ్బు ఉన్న 4,444 మంది మీద స్కాండినేవియా దేశాల్లో చేసిన అధ్యయనం 1994లో వచ్చింది. స్టాటిన్ వాడినవాళ్ళలో చావులు 30 శాతం తగ్గాయి. కాల్షియం బిళ్ళ గుండె విషయంలో అలాంటి ఫలితం ఎప్పుడైనా చూపించిందా? గుండెజబ్బే లేని 75 దాటినవాళ్ళకి కొత్తగా స్టాటిన్ మొదలుపెట్టాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్కడ నేను కూడా ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడే రాస్తాను.

హోస్ట్: కాల్షియం అసలు ముట్టకూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పిన్ని: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్పకుండా ముట్టకూడదు. ఇది మన దగ్గర గట్టిగా చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస... కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం అంతా మనకి పక్కనే. అటువైపు చుట్టరికాలు లేని ఇల్లు మన దగ్గర ఉందా? కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో ఫాస్ఫరస్, కాల్షియం లెక్క తప్పి రక్తనాళాలు నిజంగానే సున్నంలా గట్టిపడతాయి. వాళ్ళకి ఒక్కోసారి ఫాస్ఫరస్ తగ్గించడానికి మేమే కాల్షియం రాస్తాం, అది వేరే లెక్క. సొంతంగా బలం బిళ్ళ అని వేసుకోవడం మాత్రం ప్రమాదం. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళకి కూడా బిళ్ళే వద్దంటాను, పాలు పెరుగు మానమని చెప్పను. తిండిలో కాల్షియం మరీ తగ్గిస్తే రాళ్ళు ఇంకా పెరుగుతాయి.

హోస్ట్: విటమిన్ డి పొడి సంగతి? వారానికొకటి పాలలో కలుపుకుని తాగుతారు.

పిన్ని: 60 వేల యూనిట్ల సాచెట్. ఎనిమిది వారాలు అని రాస్తాం. జనం ఆ చీటీనే పట్టుకుని ఏళ్ళ తరబడి కొంటారు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మతి స్థిమితం తప్పినట్టుండటం, కిడ్నీ దెబ్బతినడం వరకూ వెళ్ళొచ్చు. ముసలితనం అనుకుని ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు.

హోస్ట్: ఇంతకీ గుణుపురం ఆవిడకి ఏం చెప్తావు?

పిన్ని: అమ్మా, మీరు భయపడాల్సిందేమీ లేదు. ఎవరూ రాయని బిళ్ళ కాబట్టి ప్రస్తుతానికి ఆపినా నష్టం లేదు. మోకాళ్ళకి ఫిజియోథెరపీ వ్యాయామాలు నేర్చుకోండి, తొడ కండరం గట్టిపడితే నొప్పి తగ్గుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, పొడులు కషాయాలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళండి. కిడ్నీల కోసం క్రియాటినిన్, కొలెస్ట్రాల్ కోసం లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష అడగండి. ఎప్పుడైనా పడి ఎముక విరిగిందా, మీ అమ్మగారికి తుంటి విరిగిందా అన్నది కూడా చెప్పండి, డెక్సా అవసరమా లేదా అన్నది ఆయన తేలుస్తారు. థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటున్నారా ఆవిడ?

హోస్ట్: ఉదయం అన్నీ కలిపి వేసుకుంటానన్నారు. ఆ ‘అన్నీ’లో థైరాయిడ్ ఉందో లేదో తెలీదు.

పిన్ని: ఉంటే మాత్రం కాల్షియం ఆపాక థైరాయిడ్ పరీక్ష మళ్ళీ చేయించాలి. రెండూ కలిపి వేసుకుంటే కాల్షియం ఆ మందుని పట్టనివ్వదు, మధ్యలో నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఇన్నాళ్ళూ కలిపి వేసుకుని ఉంటే దాని డోసు అనవసరంగా పెంచి ఉంటారు. ఇప్పుడు కాల్షియం ఆపితే అదే డోసు ఎక్కువైపోయి గుండె దడ రావొచ్చు. ఆరు వారాలకి టీఎస్‌హెచ్, అదే ఆ థైరాయిడ్ పరీక్ష, చూపించుకోమను.

హోస్ట్: ఆవిడకి ఇది విడిగా కూడా పంపిస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో ఇంట్లో బీపీ మిషన్ ఎలా వాడాలో మాట్లాడదాం. పిన్ని మళ్ళీ వస్తుంది.

పిన్ని: వస్తాను కానీ, అప్పటికి ఆ ఫ్యాన్ చప్పుడు సంగతి చూడు.