దురద పోయింది, తామర పోలేదు

శ్రోతలందరికీ నమస్కారం.

కిందటి వానాకాలంలో ఒకామె నా దగ్గరికి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. "ఏమైందమ్మా" అని నేను అడిగేలోపే, సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా బల్ల మీద బోర్లించింది. ఏడు ట్యూబులు పడ్డాయి. అన్నీ ఖాళీవే. టూత్‌పేస్టు అయిపోవచ్చినప్పుడు కింద నుంచి చుట్టుకుంటూ వస్తామే, అలా చుట్టి చుట్టి ఆఖరి బొట్టు దాకా పిండినవి.

"రెండేళ్ళ నుంచీ ఇవే డాక్టరమ్మా. రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది. మానేస్తే వారం తిరక్కుండా మళ్ళీ మొదలు. వచ్చినప్పుడల్లా ముందటికంటే ఎక్కువ చోటికి పాకుతోంది" అంది.

చూశాను. తామర. లంగా బొందు బిగించే చోట మొదలై, నడుం చుట్టూ తిరిగి, గజ్జల్లోకి, తొడల మీదికి దిగింది. రాత్రిళ్ళు నిద్రలేదట. మొదటి ఏడాదంతా ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. చెప్పుకోలేని చోట వచ్చింది కదా, సిగ్గుపడింది. మందుల షాపులో కూడా "దురదకి ఏదైనా ట్యూబు ఇవ్వండి" అని మాత్రమే అడిగింది. షాపులో వాళ్ళు ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి అని అడగలేదు. ఈమె చెప్పలేదు.

ఆ ట్యూబులను ఒక్కొక్కటే తిప్పి చదివాను. కంపెనీలు వేరు, డబ్బాల రంగులు వేరు, పేర్లు వేరు. కానీ ఏడింటిలో అయిదింటి మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు ఒకటే. క్లోబెటసాల్. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన వాటిలో అదొకటి.

ఈ రోజు నేను మీతో చర్మం గురించి మాట్లాడాలని వచ్చాను. చెప్పాలంటే చాలా ఉంది. కానీ మా దగ్గరికి వచ్చే మనుషుల్లో ఇన్ని ఇళ్ళలో ఇంతమందిని ఇన్నేళ్ళుగా బాధపెడుతున్నది ఈ తామరే కాబట్టి, ఎక్కువసేపు దాని దగ్గరే ఆగుతాను.

తామర అంటే ఫంగస్, అంటే బూజు జాతి. తడి గోడ మీద బూజు పడుతుంది చూడండి, ఆ కుటుంబానిదే. మన చర్మం పై పొరలోనూ, గోళ్ళలోనూ, వెంట్రుకల్లోనూ కెరటిన్ అనే పదార్థం ఉంటుంది. ఈ ఫంగస్ తిండి అదే. ఒకచోట అంటుకుని, తింటూ తింటూ బయటికి నడుస్తుంది. అందుకే మధ్యలో మానినట్టు కనిపిస్తూ, అంచు మాత్రం ఎర్రగా, కాస్త ఉబ్బుగా, పొట్టు రాలుతూ గుండ్రటి కడియంలా ఉంటుంది. జబ్బు చురుగ్గా ఉండేది ఆ అంచులోనే. మందు కూడా ముందు చేరాల్సింది అక్కడికే.

మరి దురద ఎందుకు వస్తుంది? మన ఒంట్లోని రక్షణ దళం ఆ ఫంగస్‌తో పోరాడుతుంది కాబట్టి. ఎరుపు, మంట, దురద, ఇవన్నీ ఆ పోరాటం గుర్తులు. స్టెరాయిడ్ చేసే పనల్లా ఆ పోరాటాన్ని ఆపేయడం. దళం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది. రాసుకున్నవారికి ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. ఫంగస్‌కి మాత్రం అడ్డం చెప్పేవాళ్ళు లేరు. తీరిగ్గా విస్తరిస్తుంది. ట్యూబు ఆపగానే దళం మేలుకుంటుంది, ఇప్పుడు పోరాడాల్సిన మేర రెండింతలు. అందుకే ఆమె అన్నది అక్షరాలా నిజం, వచ్చినప్పుడల్లా ముందటికంటే పెద్దదే వస్తుంది.

"ఇందులో ఫంగస్ మందు కూడా ఉందిగా డాక్టరుగారూ" అని కొందరు చదువుకున్నవాళ్ళే అడుగుతారు. ఉంది. స్టెరాయిడ్, ఫంగస్ మందు, బాక్టీరియా మందు మూడూ కలిపి ఒకే ట్యూబులో పోసి అమ్ముతున్నారు. రెండు రోజుల్లో దురద తగ్గగానే మనం రాయడం మానేస్తాం. స్టెరాయిడ్ తన పని చేసేసింది, ఫంగస్ మందు తన పని మొదలైనా పెట్టలేదు. సగం చచ్చిన ఫంగస్‌లో మిగిలినది మొండిది. ఈ వాడకం వల్లే మన దేశంలో తామర మొండికేసిందని చర్మవైద్యుల్లో చాలామంది అభిప్రాయం. ఒకప్పుడు రెండు మూడు వారాల్లో లొంగిన జబ్బు ఇప్పుడు నెలల తరబడి మందు అడుగుతోంది. 2020లో జపాన్ పరిశోధకులు ఒక తామర ఫంగస్‌కి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులోని "ఇండో" మన దేశమే. టెర్బినఫిన్ అనే ముఖ్యమైన మందుకు చాలా చోట్ల అది లొంగడం లేదు. అమెరికాలో, ఐరోపాలో కూడా కనిపిస్తోందిప్పుడు. మన పేరు అలా ప్రపంచమంతా తిరగడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు పద్నాలుగింటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది. చట్టం ఉంది. అయినా చీటీ లేకుండా ట్యూబు చేతికి వస్తూనే ఉంది. కాబట్టి వింటున్న మీకు ఒక పని చెబుతాను. ఇంట్లో ట్యూబు ఏదైనా ఉంటే తీసి, పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని కనిపిస్తే అవి స్టెరాయిడ్లు. తామర మీద వాటిని మీ అంతట మీరు రాయకండి. స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేననడం లేదు. సోరియాసిస్‌కి, కొన్ని రకాల ఎగ్జిమాకి మేమే రాసిస్తాం, ఇన్ని రోజులు, ఇంత మేర అని లెక్క చెప్పి. క్లోబెటసాల్ అయితే మామూలుగా రెండు వారాలు దాటనివ్వం. ఈమె రెండేళ్ళు రాసింది, అదీ గజ్జల్లో. అక్కడ చర్మం పల్చగా ఉంటుంది, మందు ఎక్కువగా లోపలికి ఇంకిపోతుంది. చర్మం ఉల్లిపొరలా అయిపోయి, కాన్పు తర్వాత పొట్ట మీద వచ్చే చారల్లాంటివి ఎర్రగా, వెడల్పుగా పడ్డాయి.

ఇక అసలు వైద్యం. ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీము, అవసరమైతే దానికి తోడు మాత్రలు. ఏ మాత్ర, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు మిమ్మల్ని చూసి చెప్పాలి, లివరు సంగతి, మీరు వాడే ఇతర మందుల సంగతి చూసుకోవాలి కాబట్టి ఇక్కడ చెప్పను. రాసే పద్ధతి మాత్రం చెబుతాను, ఎందుకంటే మంచి మందు కూడా తప్పుగా రాసి పాడుచేసుకున్నవాళ్ళను చూశాను. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పొడవుగా ట్యూబు పిండండి. అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మచ్చ మీద మాత్రమే కాదు, అంచు దాటి ఒక బొటనవేలి వెడల్పు వరకూ మంచి చర్మం మీద కూడా రాయాలి. ఫంగస్ కంటికి కనిపించకముందే అక్కడికి చేరి ఉంటుంది. బయట నుంచి లోపలికి రాస్తూ రండి. మచ్చ పూర్తిగా మాయమైన తర్వాత కూడా ఇంకో రెండు వారాలు రాయాలి. ఈ రెండు వారాలు రాయించడమే మాకు అన్నిటికంటే కష్టం.

ఆమెకి ఇదంతా చెప్పి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అమ్మా" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆయనకీ ఉంది, అత్తగారికి మెడ కింద ఉంది అంది. తువ్వాలు ఒకటే. బట్టలన్నీ ఒకే బకెట్లో నానతాయి. వానాకాలం కాబట్టి వరండాలో కట్టిన దండెం మీద సగం ఆరి, అలాగే ఒంటి మీదికి ఎక్కుతాయి. ఆమె ఒక్కతే మందు వాడితే ఏం లాభం? తామర ఆ దండెం మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది.

కాబట్టి ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందికీ ఒకేసారి వైద్యం చేయించండి. ఎవరి తువ్వాలు వారిదే. జబ్బు ఉన్నవారి బట్టలు, దుప్పట్లు విడిగా, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి ఉతకండి. తిరగేసి ఎండలో వేయండి. ఎండ లేని రోజుల్లో ఇస్త్రీపెట్టె వాడండి, ముఖ్యంగా కుట్ల దగ్గర, నడుం పట్టీ దగ్గర. మొలతాడు మార్చి కొత్తది కట్టుకోండి, వైద్యం అయ్యేదాకా అసలు కట్టుకోకపోతే ఇంకా మంచిది. ఆ నల్లదారం ఎప్పుడూ చెమటతో తడిసే ఉంటుంది. మోటారు సైకిలు మీద రోజంతా బిగుతు జీన్సు వేసుకుని తిరిగే కుర్రాళ్ళకు, లెగ్గింగులు వదలని ఆడపిల్లలకు ఇదే మాట: గాలి ఆడే నూలు బట్ట వేసుకోండి. ఎంతకీ తగ్గకుండా తిరగబెడుతుంటే షుగరు పరీక్ష చేయించండి. ఉన్నట్టు తెలియని షుగరు ఇలా చర్మం ద్వారా బయటపడ్డ సందర్భాలు నాకు తెలుసు.

తినడం గురించి తప్పకుండా అడుగుతారు. వంకాయ మానాలా, గోంగూర మానాలా, ఎండుచేపలు మానాలా అని. తామరకీ వంకాయకీ సంబంధం లేదు. హాయిగా తినండి. వెల్లుల్లి నూరి కట్టుకుని, చర్మం బొబ్బలెక్కి వచ్చినవారిని చూశాను, అది మాత్రం వద్దు.

గజ్జి తామర అని మనం జంటగా అనేస్తాం గానీ గజ్జి పూర్తిగా వేరు. అది ఫంగస్ కాదు, కంటికి ఆనీ ఆనని చిన్న పురుగు, అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు, రాత్రి పక్క ఎక్కగానే దురద, ఇంట్లో ఇద్దరు ముగ్గురు గోక్కుంటూ ఉండటం, ఇవి కనిపిస్తే అనుమానించాలి. హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన పిల్లలతో తరచుగా ఇంటికి చేరుతుంది. పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా, దురద లేని చోట కూడా, రాత్రి రాసి పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి. చంటిపిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడిగి రాయండి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. దురద లేనివాళ్ళు కూడా, ఎందుకంటే మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. పురుగు చచ్చిన తర్వాత కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, మందు పనిచేయలేదని కంగారుపడి ఇంకో ట్యూబు కోసం పరుగెత్తకండి.

ఇంకొక మచ్చ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. దురద ఉండదు, నొప్పి ఉండదు, పాలిపోయినట్టుగానో రాగి రంగులోనో ఉంటుంది, దూదితో తాకినా తెలియదు. స్పర్శ లేని మచ్చ కుష్ఠు కావచ్చు. బాధ లేదు కదా అని ఊరుకుంటారు, అక్కడే నష్టం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు. త్వరగా మొదలుపెడితే చేతులూ కాళ్ళూ వంకర పోవు. నయమైపోతుంది. దాచుకోకండి.

మూడు నెలల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి భర్తను, అత్తగారిని వెంటబెట్టుకుని. ముగ్గురికీ తామర పోయింది. ముగ్గురికీ మూడు రంగుల తువ్వాళ్ళు కొన్నానని చెప్పింది. "ఈ చారలు ఎప్పటికి పోతాయి డాక్టరమ్మా?" అని అడిగింది. రంగు కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోవమ్మా అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆమె తల ఊపి ఊరుకుంది.

వెళ్ళబోతూ ఆగి, సంచిలోంచి ఇంకో ట్యూబు తీసింది. కొత్తది, సగం వాడినది. "ఇది నాది కాదు. మా అమ్మాయి పదో తరగతి. మొహం తెల్లబడుతుందని ఎవరో చెబితే రాసుకుంటోంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. మీరు చెప్పిన పేర్లలో ఒకటి ఇందులో ఉంది కదూ?"

ఉంది. మొమెటసోన్. దానికి తోడు చర్మం రంగు తగ్గించే మందు, పొట్టు లేపే మందు. మంగుమచ్చలకు కొన్ని వారాల పాటు డాక్టరు పర్యవేక్షణలో వాడే క్రీము అది. ఆరోగ్యంగా ఉన్న పదిహేనేళ్ళ పిల్ల మొహానికి రోజూ రాస్తే మొదట్లో నిగనిగలాడుతుంది. తర్వాత మొటిమలు, ఎర్రటి సన్నని రక్తనాళాలు, ఎండలోకి వెళ్తే మంట, ఆపితే మొహమంతా కందిపోవడం. ఆ కందడం చూసి భయపడి మళ్ళీ రాస్తారు. అందుకే ఆపేటప్పుడు కూడా డాక్టరు సాయం కావాలి.

"ఎప్పటి నుంచి రాస్తోంది?" అని అడిగాను.

"సంక్రాంతి నుంచి" అంది.

మర్నాడు బడి మాన్పించి ఆ పిల్లను తీసుకొచ్చింది.

సెలవు, నమస్కారం.